మెలట్టూరులో తెల్లవార్లూ తెలుగు నాటకం

సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ నాడు. నృసింహ జయంతి అదే మాసంలో చతుర్దశి నాడు. మా గాజువాక వైపు మొదటిది కొండంత పండగ. రెండోది చాలా ఇళ్లలో పానకంతో సరిపోతుంది. ఆ చతుర్దశి రాత్రే తంజావూరు జిల్లా మెలట్టూరులో, వరదరాజ పెరుమాళ్ గుడి ముందు వీధిలో ప్రహ్లాద చరిత్రం మొదలై తెల్లవారేదాకా నడుస్తుంది. ఆడేవాళ్లు తమిళులు, చూసేవాళ్లూ తమిళులే. నాటకం తెలుగు. ప్రహ్లాదుణ్ణి హిరణ్యకశిపుడు తోయించింది మా సింహాచలం కొండ మీద నుంచేనని స్థలపురాణం విని పెరిగినవాణ్ణి కనుక, ఆ కథను అంత దూరంలో మన భాషలో ఎలా బతికించుకుంటున్నారో చూడాలని బయల్దేరాను.

విశాఖ నుంచి చెన్నై, అక్కడ రైలు మారి తంజావూరు, అక్కడినుంచి బస్సు. చివరి పద్దెనిమిది కిలోమీటర్లలోనే ప్రయాణం అందమంతా ఉంది. మే నెలలో కావేరి డెల్టాలో కాలవ నీళ్లతో పండే వరి ఉండదు. మెట్టూరు ఆనకట్ట నీళ్లు జూన్ 12న వదలడం అక్కడి ఆనవాయితీ. అందాకా మాగాణి విశ్రాంతి తీసుకుంటుంది. కాలవ గట్ల మీద కొబ్బరి తోపులు, వెదురు పొదలు, అరటి తోటలు మాత్రం పచ్చగా ఉంటాయి. కోతలైపోయి, నీళ్లు ఇంకా రాని ఈ వ్యవధిలో రైతుకు తీరిక, బడిపిల్లలకు సెలవులు. రాత్రంతా ఆరుబయట కూర్చోవడానికి ఎండాకాలమే అనువు. ఈ పండగ ఈ నెలలో రావడం దేవుడి తిథి వల్లే అయినా, పల్లె జీవితం కూడా దానికి చక్కగా చోటిచ్చింది.

ఊరు చిన్నది. అరుగుల ఇళ్ల వరసలు, గుడి, కోనేరు. దీనికి అచ్యుతపురమనే పేరు కూడా ఉండేది. తంజావూరును పదహారో శతాబ్దం రెండో సగంలో ఏలిన అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు ఇక్కడ ఇళ్లూ భూములూ ఇచ్చాడని ఊరివాళ్లు చెప్పుకుంటారు. 1565లో విజయనగరం కూలాక మన పండితులు, భాగవతులు ఎందరో దక్షిణానికి తరలిపోయారు. తంజావూరు వాళ్లను ఆదరించింది. రఘునాథ నాయకుడు, అతని కొడుకు విజయరాఘవ నాయకుడు తామే కవులు. ఆ కొలువులోనే రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. శాహజీ మహారాజు రాసిన పల్లకీ సేవా ప్రబంధం మొదటినుంచి చివరిదాకా పాడి ఆడే నాటకం. ఇటలీలోని మాంటువాలో స్వరకర్త మోంటెవెర్డి 1607లో ఆర్ఫియో అనే ఒపెరా ప్రదర్శించాడు. యూరప్ సంగీత నాటకం అలా కాళ్లూనుకుంటున్న శతాబ్దంలోనే కావేరి ఒడ్డున మనదీ రాజాస్థానంలో ఎదిగింది. అది అక్కడ ఆగిపోకుండా పల్లె వీధిలోకి దిగింది. దాని చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మెలట్టూరుకు పేరు తెచ్చినవాడు వెంకటరామ శాస్త్రి. త్యాగరాజుకు సమకాలికుడు, వయసులో పెద్ద. ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం, రుక్మాంగద, మార్కండేయ, హరిశ్చంద్ర, సీతా కల్యాణం, ధ్రువ చరిత్రం ఇలా పదికి పైగా నాటకాలు రాశాడు. త్యాగరాజు కూడా ప్రహ్లాద భక్తి విజయం రాశాడు. అయితే అందులో హిరణ్యకశిపుడు వేదిక మీదికే రాడు. అది భక్తుడికీ దేవుడికీ మధ్య ఏకాంతం. శాస్త్రిగారి నాటకంలో తండ్రి ఉన్నాడు, తల్లి లీలావతి ఉంది, ఇల్లు రెండుగా చీలిపోవడం ఉంది. వీధిలో ఊరందరి ముందూ ఆడవలసిన నాటకానికి కావలసింది అదే.

ఇదే ఊరి వీరభద్రయ్య ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులకు గురువు. ఇక్కడి కాశీనాథుడు కట్టిన శబ్దాలనే తెలుగు నాట్య రచనలను భరతనాట్య విద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నారు. ఇంత చిన్న ఊరి నుంచి ఇంత తెలుగు వచ్చిందని మన బడి పుస్తకాల్లో చదివిన గుర్తు లేదు.

సాయంత్రం వేషాలు కట్టుకునే చోటికి వెళ్లాను. ఆడవేషాలతో సహా అన్నీ మగవాళ్లవే. ఎక్కువమంది చెన్నైలోనో మరో నగరంలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఈ పండక్కి సెలవు పెట్టి ఊరికి వస్తారు. ఇక్కడ వేషం కట్టడం వాళ్లకు స్వామి కైంకర్యం. ఒక పెద్దాయన ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని పెదవులు కదుపుతున్నారు. తొంగి చూశాను. తెలుగు పద్యం, తమిళ లిపిలో. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. పైన చిన్న అంకెలు వేసుకుని తేడా గుర్తుపెట్టుకుంటున్నారు. నేను గాజువాక నుంచి వచ్చానని చెబితే ఆయన ముఖం వెలిగింది. ‘‘మీరు ముందు వరసలో కూచోవాలి సార్, మా ఉచ్చారణలో తప్పుంటే చెప్పండి’’ అన్నారు, తెలుగు మాటలు ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ. ఇంటి సంగతులు తెలుగులో అడిగితే మాత్రం ఆయనకు సగమే అందింది. నాటకంలోని గ్రాంథికం వచ్చు, వాడుక మాట రాదు. ఆ తెలుగు ఆయనకు తాతల నుంచి నేరుగా వచ్చింది. మన ప్రాంతం మీదుగా రాలేదు.

వేదిక గుడికి అభిముఖంగా ఉంటుంది. మొదటి ప్రేక్షకుడు స్వామి, తర్వాతే మనం. రాత్రి బాగా పొద్దుపోయాక, పొడవాటి కుచ్చు టోపీతో కోణంగి గంతులేస్తూ వచ్చి జనాన్ని సర్దాడు. తర్వాత గాయకులు తోడయమంగళం అందుకున్నారు. ఆ వెంటనే ఏనుగు ముఖం తొడుక్కున్న చిన్న పిల్లవాడు వినాయకుడిగా వచ్చి నాలుగడుగులు వేసి దీవించి వెళ్లాడు. కన్నవాళ్లకు అది మొక్కుబడి, ఆ పిల్లవాడికి తొలి వేషం. కట్టియంకారుడు రాజు రాకను చాటాక అసలు కథ మొదలైంది.

ప్రతి పాత్రా తన ప్రవేశ దరువుతో వస్తుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనక నుంచి పాట ఆ పాత్ర ఎవరో, ఎలాంటివాడో చెబుతుంది, తెర తొలగాక నటుడు ఆ గుణాన్ని నడకలో చూపిస్తాడు. హిరణ్యకశిపుడి ప్రవేశానికే చాలాసేపు పట్టింది. వీణ్ణి చంపడానికి దేవుడే దిగిరావాలని ఆ నడకతోనే నమ్మకం కలిగింది. దరువుల మధ్య పద్యాలు, ద్విపదలు, వచనాలు. మృదంగం, వయొలిన్, తాళం. రాగం తొందరపడదు. సినిమాకు అలవాటుపడిన చెవికి మొదటి గంట కష్టమే. రెండో గంటలో ఆ నెమ్మది మనల్ని తనలోకి లాక్కుంటుంది.

నన్ను కదిలించింది లీలావతి. ఆ వేషం వేసింది మధ్యవయసు దాటిన పురుషుడు. విషపాత్ర తన చేతులతోనే కొడుక్కి ఇవ్వవలసి వచ్చిన ఘట్టంలో ఆయన ఏడ్వలేదు. పాత్ర పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి, భర్త వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూస్తూ, ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడారు. పాడిన ప్రతిసారీ అర్థం మారింది. వేడుకోలు, కోపం, చివరికి ఏమీ చేయలేనితనం. నా పక్కన కూర్చున్న బామ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆవిడకు తెలుగు రాదు.

ఆవిణ్ణి చూస్తే మరో పల్లె పండగ గుర్తొచ్చింది. ఇంగ్లండులో ససెక్స్ పల్లెలో గ్లైండ్‌బోర్న్ అనే చోట జాన్ క్రిస్టీ అనే భూస్వామి 1934లో తన ఎస్టేట్‌లో ఒపెరా పండగ మొదలుపెట్టాడు. తొలి ప్రదర్శన మోజార్ట్ ఫిగారో, ఇటాలియన్ భాషలో. మధ్యలో సుదీర్ఘ విరామం ఇస్తారు, జనం పచ్చిక మీద కూర్చుని భోజనాలు చేస్తారు. తమది కాని భాషలో పాటను పల్లెటూరి వేసవి రాత్రి వినడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ టికెట్ కొనాలి, ఇక్కడ చాప వేసుకుని కూర్చుంటే చాలు. ఈ బామ్మగారి చిన్నతనం నుంచీ ఇదే కథ, ఇవే దరువులు. మాట తెలియకపోయినా ఏ పంక్తి దగ్గర ఏం జరుగుతుందో ఆవిడకు తెలుసు. మనవడి చెవిలో తమిళంలో చెబుతూనే ఉన్నారు.

తెల్లవారుజామున స్తంభం లోంచి నరసింహుడు వచ్చాడు. ఆ ముఖాన్ని ఏడాది పొడుగునా దేవుడిలా పూజిస్తారు. అది ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. ముఖం తొడగ్గానే ఆయనకు ఆవేశం వచ్చింది. పట్టుకోవడానికి మనుషులు అటూ ఇటూ సిద్ధంగా నిలబడ్డారు. హిరణ్యకశిపుడు ఎదురెళ్లి సవాలు చేస్తుంటే జనం లేచి చేతులు జోడించారు. ‘‘నరసింహా’’ అనే కేక వీధి ఆ చివరిదాకా వెళ్లింది. చందనోత్సవం నాడు క్యూలో వినే ‘‘అప్పన్నా’’ అన్న కేకే నాకు అక్కడ వినిపించింది. ఆ తర్వాత ఊరేగింపు. ఇళ్ల ముందు హారతులు.

ఇదంతా ఆగిపోయే దశకు కూడా వచ్చింది. ఊత్తుకాడు, శూలమంగళం లాంటి చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒకప్పుడు భాగవత మేళం అనే ఈ నాటక సంప్రదాయం ఉండేది. చాలాచోట్ల క్షీణించింది. సాలియమంగళం లాంటి ఒకటి రెండు ఊళ్లు నిలబెట్టుకున్నాయి. మెలట్టూరులో కూడా సన్నగిల్లితే 1930ల చివర్లో ఊరివాళ్లే తిరిగి ఎత్తుకున్నారు. 1950లలో భరతనాట్యం కోసం పాటుపడిన ఇ. కృష్ణయ్యర్ దీని గురించి రాసి, చెప్పి, లోకం దృష్టికి తెచ్చారు. నర్తకి రుక్మిణీదేవి ఉషా పరిణయం, రుక్మాంగద నాటకాలను చెన్నైలోని తన కళాక్షేత్రంలో ప్రదర్శించారు. ఇప్పుడు ఊళ్లో రెండు సంఘాలు వేర్వేరుగా ఉత్సవం చేస్తున్నాయి. దీన్ని నిలబెట్టినవాళ్ల వరసలో తెలుగు ప్రాంతంవాళ్ల పాత్ర ఎంత అని వెతికితే నాకు బాధ కలుగుతుంది.

మా వైపు తూర్పు భాగవతం ఉంది. మగవాడే సత్యభామగా జడ వేసుకుని రాత్రంతా ఆడే ఆట. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేసిన పల్లెల జనం గాజువాక చుట్టూ అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ కాలనీల్లో స్థిరపడ్డారు. ఫ్యాక్టరీ వచ్చింది, బతుకులు మారాయి. ఆ ఊళ్లతో పాటు రామాలయం ముందున్న ఆట జాగా కూడా పోయింది. నష్టపరిహారం లెక్కల్లో దాన్ని ఎవరూ రాయలేదు. ఒక నాటకం బతకడానికి కవి, నటుడు ఉంటే చాలదు, ఏటా అదే రోజు ఖాళీగా ఉండే ఒక వీధి కావాలి. మెలట్టూరువాళ్లు దాన్ని రెండు వందల ఏళ్లకు పైగా కాపాడుకున్నారు.

మన విశ్వవిద్యాలయాలు చేయగల పని స్పష్టంగానే ఉంది. వెంకటరామ శాస్త్రి నాటకాలన్నిటికీ తప్పులు లేని తెలుగు ప్రతులు, పక్కనే తమిళ లిపిలో పాఠం వేసి అందుబాటులో ఉంచాలి. నటులు అడుగుతున్నారు కనుక వేసవికి ముందు ఒక తెలుగు మాస్టారిని కొన్ని వారాలు అక్కడికి పంపాలి. కాలనీల్లో మిగిలిన తూర్పు భాగవతం కళాకారులను కూడా ఒకసారి ఆ వీధికి తీసుకెళ్లాలి.

మనం చేయగలిగింది అంతకన్నా తేలిక. వచ్చే వైశాఖంలో అప్పన్న దర్శనం చేసుకున్నాక, చతుర్దశి నాటికి తంజావూరు చేరేలా టికెట్ తీసుకోండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. ముందు వరసలో కూర్చోండి. ఆట అయ్యాక నటుల దగ్గరికి వెళ్లి, మీ తెలుగు మాకు అర్థమైందని తెలుగులో చెప్పి రండి.