పుస్తకాలకు అత్తవారింటి పేర్లు

మన ఇళ్ళలో ఒక వాడుక ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. కొత్తకోడలి పేరూ అత్తగారి పేరూ ఒకటే అయిందనుకోండి, చిక్కొచ్చిపడుతుంది. కోడల్ని కేకేస్తే పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలిచినట్టవుతుంది కదా! అందుకని పుట్టింటి సీతామహాలక్ష్మి అత్తవారింట్లో "అమ్మాజీ" అయిపోతుంది. పిల్ల అదే, పిలుపే వేరు. పుస్తకాల సంగతీ ఇంతే. భాష మారకపోయినా, సముద్రం దాటేసరికి కొన్నిటికి పేరు మారిపోతుంది.

మా శ్రీమతికి అగాథా క్రిస్టీ నవలలంటే ప్రాణం. ఆవిడ చలవ వల్లనే నాకీ విషయాలు తెలిశాయి. 1934లో ఇంగ్లండులో వెలువడిన "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" అమెరికాలో "మర్డర్ ఇన్ ది కాలే కోచ్" అయింది. గ్రాహం గ్రీన్ 1932లో రాసిన "స్తాంబూల్ ట్రెయిన్" నవలకు అమెరికాలో అప్పటికే "ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" అని పేరు పెట్టి ఉన్నారు మరి! అంటే, ఆ ఇంట్లో అత్తగారు కూడా పేరు మార్చుకుని వచ్చిన మనిషే నన్నమాట.

అదే రచయిత్రి 1957లో "4.50 ఫ్రమ్ పాడింగ్టన్" రాసింది. పాడింగ్టన్ లండన్‌లో ఒక రైల్వే స్టేషను. ఆ పేరు వినగానే లండన్‌వాడికి కదలబోయే బండి కనిపిస్తుంది. అమెరికావాడికో? అది ఊరో, మనిషో తెలియదు. కాబట్టి అక్కడ "వాట్ మిసెస్ మెక్‌గిల్లికడ్డీ సా!" అన్నారు. ఫలానా ఆవిడ చూసింది ఇదీ అని. మనవాళ్ళెవరైనా "కాజీపేట నుంచి నాలుగూ యాభై" అని నవల రాస్తే మనకు జంక్షనూ, టీ కేకలూ, మారవలసిన బండీ కళ్ళకు కడతాయి. కాజీపేట ఎరగనివాడికి అదేదో లెక్కలా ఉంటుంది. ఇంతవరకూ నేను ప్రచురణకర్తల్ని తప్పుపట్టను.

మొన్న వేసవి సెలవులకు మా అన్నయ్యగారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చాడు. వాడికి పదేళ్ళు. మావాడికీ వాడికీ మూడోనాడే పేచీ వచ్చింది. హారీ పాటర్ మొదటి పుస్తకం పేరు "ఫిలాసఫర్స్ స్టోన్" అని మావాడు, కాదు "సార్సరర్స్ స్టోన్" అని వాడు. తగువు నా దగ్గరికి వచ్చింది.

"ఇద్దరిదీ నిజమేరా. 1997లో ఇంగ్లండులో పెట్టిన పేరు ఒకటి, 1998లో అమెరికాలో పెట్టింది ఇంకోటి" అన్నాను.

"ఫిలాసఫర్ అంటే కూచుని ఆలోచించే ఆయన కదా నాన్నా, ఆయనకి రాయెందుకు?" అన్నాడు మావాడు.

మంచి ప్రశ్న! "అది మన పరుసవేదికి చుట్టంరా" అని చెప్పాను. పరుసవేది తగిలితే ఇనుము బంగారమవుతుందని మన పెద్దలు అనలేదూ? అలాంటి రాయి కోసమే ఐరోపాలో రసవాదులు శతాబ్దాల తరబడి కొలుముల దగ్గర కళ్ళు పోగొట్టుకున్నారు. చావులేకుండా చేసే మందు కూడా దానితోనే వస్తుందని నమ్మారు. ఫిలాసఫర్ అనే మాట చూస్తే పిల్లలు జంకుతారని అమెరికా ప్రచురణకర్తలు దాన్ని మంత్రగాడి రాయి చేశారు. మంత్రగాడి రాయికి వెనక ఏ చరిత్రా లేదు. తొలి పుస్తకం కదా, వేసేవాళ్ళు దొరకడమే పదివేలనుకుని ఒప్పుకున్నాననీ, ఒప్పుకోకుండా ఉండవలసిందనీ రచయిత్రి రౌలింగ్ తర్వాత చెప్పుకుంది.

అంతా విని అమెరికా కుర్రాడు, "మరి మాకెందుకు మార్చారు బాబాయ్? ఉంచేస్తే మేమూ ఎవర్నో అడిగేవాళ్ళం కదా!" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. తెలియని మాట దగ్గర విద్యార్థి ఆగి, తలెత్తి అడిగిన క్షణమే నాకు చదువు. ఆ మాటనే తీసేస్తే వాడు ఆగడు, అడగడు.

మన ఆర్. కె. నారాయణ్ గారి "ది ఇంగ్లీష్ టీచర్" సంగతి చూడండి. 1939లో ఆయన భార్య రాజం టైఫాయిడ్‌తో పోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టి 1945లో వెలువడిన నవల అది. కథానాయకుడు కృష్ణన్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. భార్య పోయాక చివరికి ఆ ఉద్యోగం వదిలేసి పసిపిల్లల బడిలో చేరతాడు. ఇంగ్లీషువాడి ఏలుబడిలో మనవాడు ఇంగ్లీషు పాఠం చెప్పుకు బతకడంలోని బరువు ఆ రెండు మాటల్లోనే ఉంది. 1953లో అమెరికాలో ఇది "గ్రేట్‌ఫుల్ టు లైఫ్ అండ్ డెత్" అయింది. బతుక్కీ చావుకీ కృతజ్ఞత! చెడ్డ పేరేం కాదు, నవల చివరనున్న మాటే. కాని కృష్ణన్ ఎంతో ఏడ్చి చేరుకున్న ఆ మాటను పాఠకుడికి గుమ్మంలోనే చేతిలో పెట్టేసినట్టయింది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ప్రీమో లేవి ఇటలీ దేశపు యూదుడు, రసాయన శాస్త్రజ్ఞుడు. 1944లో నాజీలు ఆయన్ని ఆష్విట్జ్ శిబిరానికి తరలించారు. బతికి వచ్చి 1947లో ఆ అనుభవం రాశాడు. ఆ పుస్తకానికి ఆయన పెట్టిన పేరుకు "ఇతడు మనిషే అయితే" అని అర్థం. ఇంగ్లండులో ఆ పేరే నిలిచింది. అమెరికాలో మాత్రం తర్వాతి కాలంలో "సర్వైవల్ ఇన్ ఆష్విట్జ్" పేరుతో ప్రచారమైంది. ఆష్విట్జ్‌లో బతికి బయటపడడం అన్నమాట. ఆ పేరు చూసి, పోనీలే, బతికాడు కదా అని మనం ఊపిరి పీల్చుకుంటాం. లేవి పెట్టిన పేరు మనల్ని అలా ఊరుకోనివ్వదు. మనిషిని అలా చేసిన తర్వాత అతన్ని మనిషనవచ్చునా, చేసినవాణ్ణి అనవచ్చునా అని నిలదీస్తుంది.

స్టేషను పేరు మారితే నష్టం లేదు. ప్రశ్నను తీసేసి ఆ చోట జవాబు పెడితేనే నష్టం.