నాని అంటే అక్క



ఈ నెల ఉత్తరం అరకు సంతలో, టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా ఒక పెద్దావిడ అలసందలు రాశి పోసుకుని, రేకు డబ్బాతో కొలిచి అమ్ముతోంది. కొండ దిగి వచ్చిన ఓ పిల్ల ఆవిడ ముందు గొంతుక్కూర్చుని "నానీ, కేతె?" అంది. ధర కుదిరింది. డబ్బా కొలిచాక పెద్దావిడ గుప్పెడు కొసరు కూడా ఒళ్లో పోసింది.

నాని అంటే మనకి ముద్దుల కొడుకు. ఇక్కడి ఆదివాసీ ఒడియాలో మాత్రం అక్క! కేతె అంటే ఎంత. కొండల్లో ఎవరింటి భాష వాళ్లకుంది. పోర్జా, గదబ, కువి ఎవరికి వారివే. సంతకొచ్చేసరికి మాత్రం చాలామందిని కలిపేది ఈ ఒడియాయే. ఒడిశా సరిహద్దుకి ఇటూ అటూ అదే మాట. థింసా నాట్యం అడుగు కూడా అంతే. అరకుదని మనం అంటాం, మాదేనని ఒడిశా వైపు కోరాపుట్ వాళ్లంటారు.

పేచీలు లేవని కాదు. సాలూరు పైనున్న కొటియా ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ కోర్టుకెక్కాయి. అక్కడ రెండు వైపులా ఓటరు కార్డులున్న వాళ్లున్నారు. మాచ్‌ఖండ్ కరెంటుని మాత్రం 1955 నుంచీ ఇద్దరూ పంచుకుంటూనే ఉన్నారు.

అసలు కోస్తాకీ కొండలకీ మధ్య రాకపోకలకి మొదట దారి వేసినవాటిలో ఉప్పొకటి. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు బంజారాల ఎద్దుల మీద ఘాట్లెక్కి జయపురం దాటి పోయేది. మనుషుల్ని కలపడంలో ఉప్పుది ఎక్కడైనా పెద్ద చెయ్యే. ఇవాళ రుమేనియాలో ఉన్న దక్షిణ బుకోవినా ప్రాంతంలో కచీకా అని ఒక ఊరుంది. అది ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్నప్పుడు, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, అక్కడి ఉప్పు గనిలో పనికి పోలిష్ కుటుంబాలు దిగాయి. ఏలేవాళ్లు మారినా ఆ చుట్టుపక్కల ఊళ్లలో పోలిష్ మాట ఇంకా వినిపిస్తుంది.

మన సంగతికొస్తే నాకో గొణుగుడు ఉంది. కొండవాళ్లు మన తెలుగు నేర్చుకున్నారు. మనం వాళ్ల మాట నేర్చుకోలేదు. అద్దాల రైలెక్కి వస్తాం, బొర్రా గుహలు చూస్తాం, బొంగు చికెన్ తింటాం, కాఫీ పొడి కొనుక్కుని దిగిపోతాం. నేను ఎన్నిసార్లొచ్చానో లెక్కలేదు, "కేతె" ఇవాళే చెవిన పడింది.

నేర్చుకున్న వాళ్లలో గిడుగు రామమూర్తి గారి పేరే ముందు చెప్పుకోవాలి. పర్లాకిమిడి బళ్లో చరిత్ర చెప్పే పంతులు, సవర గిరిజనులతో కూర్చుని సవర భాష పట్టారు. వాళ్ల పిల్లలకి వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంతటాయనా 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసేసరికి ఆ ఊళ్లో ఉండలేక రాజమహేంద్రవరం వచ్చేశారు. అది తప్పని నేననను. సవర మీద ప్రేమా, గీత గీసినందుకు కోపమూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఆయన తరవాత చాలా కాలానికి, 2004 ప్రాంతంలో, మన సర్కారు ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకి పాఠాలు మొదలుపెట్టింది. వాటిలో ఆదివాసీ ఒడియా కూడా ఉంది. తెలుగు లిపిలో ఒడియా మాట! ఆ వాచకం ఎక్కడైనా దొరికితే పిల్లల కంటే ముందు మనం చదవాలి. లిపి వచ్చు కాబట్టి సగం పని అయినట్టే.

టీ తాగడం అయింది. లేచి పెద్దావిడ దగ్గరికెళ్లి, ధైర్యం చేసి "నానీ, కేతె?" అన్నాను. ఆవిడ తలెత్తి, నా మొహం చూసి, పక్కావిడతో ఏదో అని ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తరవాత మంచి తెలుగులో "డబ్బా నలభై బాబూ" అంది.

రెండు డబ్బాలు కొన్నాను. కొసరు వెయ్యలేదు.

ఉంటాను,
మీ
సంపాదకుడు