మౌనం అర్ధాంగీకారం కాదు

మౌనం అర్ధాంగీకారమని పెద్దలంటారు. మనుషుల విషయంలో ఆ మాట చెల్లవచ్చును గాని, యంత్రాల విషయంలో చెల్లదు. నేటి మన జీవితం చాలవరకు కంటికి కనబడని సర్వర్ల మీద ఆధారపడి ఉన్నది. అవి చప్పుడు చేసి చెడిపోతే వెంటనే బాగుచేసుకుంటాము. చప్పుడు లేకుండా చెడిపోతే?

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము చదివిన ఒక శిక్షణ సంస్థలో ఫీజు లెక్కలకు ప్రతి రాత్రి నకలు తీసే ప్రోగ్రాము ఉండేది. తెరమీద అది నడుస్తున్నట్లే నిత్యమూ కనబడేది. ఒకనాడు అసలు డిస్కు పాడయినది. నకలు తెరిచి చూడగా రెండు నెలల లెక్కలు లేవు! ప్రోగ్రాము ప్రాణంతోనే ఉన్నది. పని మాత్రం మానివేసినది. రసీదులు చూపి మేము బయటపడినాము. రసీదు లేని పేద విద్యార్థులు కట్టిన సొమ్ముకు రుజువు లేక, మళ్ళీ కట్టే శక్తి లేక రోజుల తరబడి కార్యాలయపు గుమ్మం ముందు నిలబడినారు.

ఇది చిన్న చోట జరిగిన సంగతి. 2003 ఆగస్టు 14న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ నియంత్రణ కేంద్రంలో ప్రమాద హెచ్చరికలిచ్చే ప్రోగ్రామే నిశ్శబ్దంగా స్తంభించినది. హెచ్చరిక రాలేదు గనుక అంతా క్షేమమని సిబ్బంది భావించినారు. రెండు గంటలైనా గడవకముందే అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి విద్యుత్తు ఆగిపోయినది.

ఇందుకు విరుగుడు మన వాకిటనే ఉన్నది. అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైన మెట్రో మార్గంలో ప్రతి రైలూ తానెక్కడ ఉన్నదో రేడియో ద్వారా ఎడతెగక తెలుపుతూ ఉంటుంది. ఆ మాట నియమిత వ్యవధిలో అందకపోతే బ్రేకులు పడతాయి. అక్కడ మౌనమే ప్రమాద సూచన.

పూర్వం రాత్రివేళ కావలివాడు "పారాహుషార్" అని కేక వేసేవాడు. కేక వినబడినంతసేపు ఊరు నిద్రించేది. వినబడకపోతే లేచి చూసేది. సర్వర్ల కావలికీ ఇదే సూత్రం. ప్రతి ప్రోగ్రామూ పని ముగించిన పిదపనే "అయినది" అని వేరొక యంత్రానికి కబురంపవలెను. వేళకు కబురు రాకపోతే ఆ యంత్రం గంట మ్రోగించవలెను. ఆ గంట మ్రోగునో లేదో అప్పుడప్పుడు పని ఆపి పరీక్షించవలెను. తీసిన నకలును తెరిచి చూడవలెను.

మిత్రులారా! రేపు మనలో పలువురు ఇట్టి కావలి ఉద్యోగాలలో చేరగలరు. ఫిర్యాదు రాలేదు గనుక అంతా బాగున్నదని అనుకొనక, "అయినది" అన్న కబురు వచ్చినదా అని అడగడం అలవరచుకుందాము.