అమ్మీ పిలిస్తే పలకని నలభై నిమిషాలు

వాకీటాకీల డబ్బా తెరిచిన రోజు పిల్లలు గంతులేశారు. అమ్మీ మాత్రం తస్బీ తిప్పుతున్న చెయ్యి ఆపి, "లెబనాన్‌లో పేలినవి ఇవే కదరా?" అంది.

2024 సెప్టెంబరులో అక్కడ ఒక రోజు పేజర్లు, మర్నాడు వాకీటాకీలు పేలిన ఖబర్లు అమ్మీ టీవీలో చూసింది. ఆమెకు వాకీటాకీ అంటే అదే. "అవి వేరు అమ్మీ, వాటిలో ఎవరో బారూదు పెట్టారు, ఇవి పిల్లలు ఆడుకునేవి" అని సమ్‌ఝాయించాను. "ఆడుకునేవైతే మనకెందుకు?" అంది. మాటకు మాట అప్పజెప్పడంలో మా అమ్మీని గెలిచినవాడు ఖాన్‌దాన్‌లో లేడు.

ఎందుకంటే, రెండు కార్లు. పదకొండు మందిమి. హైదరాబాద్ నుంచి నల్లమల మీదుగా మార్కాపురం, అక్కడ అమ్మీ పుట్టింట్లో ఒక రాత్రి, తర్వాత చీరాల దగ్గర వాడరేవులో సముద్రం. భాయీజాన్ బండిలో అమ్మీ, భాభీ, వాళ్ల పిల్లలు. నా బండిలో మా ఆవిడ, మా మున్నీ, చెల్లెలి కుటుంబం. మన్ననూరు దాటి అడవిలోకి అడుగుపెడితే ఫోన్లు మూగబోతాయి. మూడేళ్ల కింద ఇదే దారిలో ఒకళ్లకోసం ఒకళ్లం ఆగి, ఆగామని తెలీక ముందుకెళ్లి, ఆఖరికి శ్రీశైలం డ్యామ్ దగ్గర కలుసుకుని అక్కడే ఝగ్‌డా పెట్టుకున్నాం. ఈసారి ఆ తక్లీఫ్ వద్దనే నా ఖయాల్.

కొనేముందు కానూన్ చూశాను. నా పేషా వల్ల వచ్చిన ఆదత్ అనుకోండి, ఇంకేదైనా అనుకోండి. మన దేశంలో వైర్‌లెస్ సెట్టు ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. 1933 నాటి చట్టం చెప్పింది అదే. అయితే 2018లో వచ్చిన నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసే చిన్న సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చాలా సెట్లు ఈ హద్దులో ఉండవు. 2025లో కేంద్ర వినియోగదారుల హక్కుల సంస్థ ఇలాంటివి అమ్మే ఆన్‌లైన్ దుకాణాలకు నోటీసులు కూడా ఇచ్చింది. కాబట్టి ఎవరైనా కొనాలనుకుంటే ఫ్రీక్వెన్సీ రాసి ఉందో లేదో, ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో చూసి కొనండి. నేను చూసే కొన్నాను. బిల్లు ప్రింటు తీశాను. ఆమోదపత్రం కాపీ తీశాను. రెండూ కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.

మా ఆవిడ ఆ కవరు చూసి ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆధార్లు కూడా పెట్టావా?" అంది. పెట్టాను.

ఎందుకంత ఎహతియాత్ అంటే ఒకటి చెప్పాలి. డెస్కులో పనిచేసే రోజుల్లో ఓ రాత్రి నా చేతికి ఒక ఫోటో వచ్చింది. టేబుల్ మీద వరసగా పేర్చిన సామాను. ఫోన్లు, సిమ్ములు, నాలుగు ఉర్దూ కితాబులు, ఓ జత వాకీటాకీలు. వెనకాల ముసుగులేసిన ముగ్గురు కుర్రాళ్లు. "వాకీటాకీలు స్వాధీనం" అని ఉపశీర్షిక నేనే పెట్టాను. ఆ కితాబుల అట్టల మీది పేర్లు ఆఫీసులో చదవగలిగింది నేనొక్కణ్ణే. ఒకటి వంటల పుస్తకం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, పేజీ పంపించి ఇంటికెళ్లిపోయాను. ఆ కేసు తర్వాత ఏమైందో మా పేపరు రాయలేదు, నేనూ అడగలేదు.

ఇక సఫర్ సంగతి. పంద్రా ఆగస్టుకు ముందురోజు ఫజర్ చదివి బయల్దేరాం. కడ్తాల్ దాటేదాకా సెట్లు పిల్లల రాజ్యం. దాంట్లో ఒకసారి ఒకరే మాట్లాడగలరు కదా, బటన్ నొక్కి పట్టుకుంటే ఇక రెండో బండికి వినడం తప్ప గత్యంతరం లేదు. భాయీజాన్ కొడుకు, పదమూడేళ్లవాడు, సినిమా పోలీసులా "ఓవర్, ఓవర్" అంటుంటే, మా మున్నీ "అవర్ క్యా?" అని జవాబు. ఇంకేమిటి అని వాడు అడుగుతున్నాడనుకుంది పాపం, మా ఉర్దూలో అవర్ అంటే అదే మరి. అరగంట అదే ఆట.

డిండి దగ్గర అమ్మీ సెట్టు తన చేతికి అడిగిందట. పేలదని ఇత్మినాన్ కలిగినట్టుంది. మొదట సలామ్. వాలేకుమ్ సలామ్ అందామంటే మాకు అవకాశం ఏదీ, బటన్ వదల్లేదుగా. నాష్తా సరిగ్గా చేశావా, మున్నీ చెవులకు గాలి తగలకుండా కప్పావా, సఫర్ దువా చదివావా, చదవకపోతే ఇప్పుడు చదువు, నేను చదువుతున్నా నా వెనకే అను. మొత్తం దువా చదివింది. మేం ఇటు బండిలో ఆమీన్ అన్నాం. అటు వినపడదని తెలిసీ అన్నాం.

మన్ననూరు చెక్‌పోస్టు వస్తోందనగా నేనే బటన్ నొక్కి చెప్పాను. "సెట్లు ఆపి బ్యాగుల్లో పెట్టేయండి."

"కైకూ చిచ్చా?" అని వాడు.

"చెప్పింది చెయ్."

అక్కడ ప్లాస్టిక్ సీసాలున్నాయా అని బండి లోపలికి తొంగి చూస్తారు. పులుల అడవి, వాళ్ల డ్యూటీ వాళ్లు చేస్తారు. కుర్రగార్డు ఒకతను చూశాడు, రుసుము తీసుకున్నాడు, రసీదిచ్చాడు, పొమ్మన్నాడు. నా గడ్డం వైపు గానీ మా ఆవిడ బుర్ఖా వైపు గానీ వింతగా చూడలేదు. ఏమీ జరగలేదు. ఈ మాట నేను నొక్కి చెప్పాలి.

గేటు దాటగానే మున్నీ, "అబ్బా, ఆన్ చేయనా?" అంది. ముందు ఒక పోలీసు జీపు పోతోంది. "ఆగు బేటా, ఇంకాసేపాగు" అన్నాను. అది మలుపు తిరిగి పోయాక చేద్దామనుకున్నా. అది తిరగలేదు. ఫర్హాబాద్ దాకా మా ముందే నింపాదిగా పోయింది. ఫర్హత్ అంటే ఉల్లాసం. నిజాం జమానాలో షికారుకొచ్చే చోటు అది, పేరు అందుకే అలా పెట్టి ఉంటారు. మున్నీకి ఆ మానే చెబుతూ, చెట్లు చూపిస్తూ, సెట్టు సంగతి పక్కనపెట్టాను. మరిచాను అంటే ఝూట్ అవుతుంది.

వటవర్లపల్లిలో ఆగి చాయ్ చెప్పాం. భాయీజాన్ బండి వెనకే ఉండాలి. పది నిమిషాలు చూశాం. చాయ్ తాగాం. ఇంకో పది నిమిషాలు. అప్పుడు మా ఆవిడ, "ఆ సెట్టు ఆన్‌లో ఉందా?" అంది. బ్యాగు జిప్పు తీసి ఆన్ చేశాను. ఖర్‌ఖర్ తప్ప ఏమీ లేదు. డబ్బా మీద కిలోమీటర్ల లెక్క గొప్పగా రాస్తారు గానీ, అది ఎదురుగా అడ్డం లేని మైదానంలో మాట. అడవిలో, మలుపుల్లో, అందులోనూ ఇనపడబ్బా లాంటి కారులో కూర్చుంటే కిలోమీటరు అందితే ఖుష్‌కిస్మతీ.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మీ ఇన్సులిన్ ఉన్న ఐస్‌పెట్టె, మధ్యలో తినాల్సిన రోటీల డబ్బా, షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవాల్సిన మిస్రీ పొట్లం, అన్నీ నా బండి డిక్కీలో.

వెనక్కి తిప్పాను. ఆ దారిలో బండి ఆపకూడదని బోర్డులు. కోతులు. నా పక్కన ఎవరూ మాట్లాడలేదు. ఫర్హాబాద్ ఇవతల, రోడ్డు పక్కన రెండు రాళ్లు అడ్డం పెట్టిన బండి కనిపించింది. టైరు పంక్చర్. స్టెప్నీలో గాలి లేదు. మూడేళ్లుగా చూసిన పాపాన పోలేదు, ఆ పాపం భాయీజాన్‌ది. అమ్మీ వెనక సీట్లో తల వాల్చుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట. భాభీ పిల్లల చాక్లెట్టు ఒకటి విప్పి తినిపించి, కొంగుతో విసురుతోంది. అమ్మీ చేతిలో వాకీటాకీ.

"టైరు పేలంగానే పిలిచా చిచ్చా, మీరప్పుడు కనిపిస్తూనే ఉన్నారు" అన్నాడు పిల్లవాడు. "మలుపు తిరిగేదాకా పిలిచా. తర్వాత దాదీ పిలిచింది."

ఎంతసేపు పిలిచిందో అడగలేదు. నేను పలకకపోయినా, ఆవాజ్ వస్తుందేమో అని మధ్యమధ్య బటన్ వదిలి విన్నదట. పొద్దున ఎవరూ నేర్పకపోయినా అది అప్పుడు నేర్చుకుంది.

"ఏమైంది నీ సెట్టుకి?" అన్నాడు భాయీజాన్.

"బ్యాటరీ అయిపోయింది."

మున్నీ నా మొహం వంక చూసింది. తొమ్మిదేళ్ల పిల్ల. చూసి కిటికీ వైపు తిరిగిపోయింది. పిల్లలతో నిజమే చెప్పాలని రోజూ పాఠం చెప్పే బాప్‌ని.

స్టెప్నీ నా డిక్కీలో వేసుకుని మన్ననూరు వెనక్కెళ్లి గాలి కొట్టించుకొచ్చాం. రోటీ తిన్నాక అమ్మీకి కాస్త రంగొచ్చింది. శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తి ఉన్నాయి, తుంపర మీద పడుతుంటే పిల్లలు అరిచారు. సెల్ఫీలు దిగాం. దోర్నాల మీదుగా మార్కాపురం చేరేసరికి మగ్రిబ్ దాటింది.

మామూ ఇంట్లో రాత్రి అందరూ పడుకున్నాక అమ్మీ నా సెట్టు తెమ్మంది. తిప్పి తిప్పి చూసింది. బ్యాటరీ గీతలు మూడూ వెలుగుతున్నాయి. చార్జింగ్ పెట్టావా అని అడగలేదు. పెట్టలేదని తనకు తెలుసు. గోడలో ఉన్న ఒక గూడు చూపించి, "అక్కడే మీ నానా రేడియో ఉండేది" అంది.

ఆ కథ నేనెప్పుడూ వినలేదు. అప్పట్లో రేడియోకి కూడా లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. నానా ఒక్క ఏడూ తప్పలేదు. ఆ పుస్తకాన్ని రేడియో మీద కప్పిన గుడ్డ కిందే ఉంచేవాడట, ఎవరడిగినా తీసి చూపించడానికి. 1971లో జంగ్ మొదలయ్యాక ఉర్దూ ఖబర్లు వినేటప్పుడు తలుపు వేసి, ఆవాజ్ బాగా తగ్గించి, రేడియోకి చెవి ఆనించి వినేవాడట. వినేది ఆకాశవాణి ఉర్దూ సర్వీసే. అమ్మీకి అప్పుడు పదిహేనేళ్లు. మనది మన సర్కారీ రేడియోనే కదా అబ్బా, కైకూ అని అడిగిందట.

"ఏమన్నాడు?"

"బయట నడిచిపోయేవాడికి జబాన్ వినపడుతుంది బేటీ, స్టేషన్ పేరు వినపడదు అన్నాడు." సెట్టు నా చేతికిచ్చి, "పడుకో, పొద్దున్నే సముద్రం" అంది. నా ఝూట్ గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున నాష్తా దగ్గర మున్నీకి నేనే చెప్పాను, బ్యాటరీ అయిపోలేదని. "మాలూమ్" అంది. ఎందుకు ఆపానో చెప్పడానికి చాలాసేపు మాటలు వెతికాను. పోలీసు జీపు అన్నాను, మనం అన్నాను, కొంతమంది అన్నాను. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి మారాను, రెండింట్లోనూ కుదరలేదు. అంతా విని, "మనం తప్పు చేస్తే బిల్లు ఎందుకు తెచ్చుకుంటాం?" అంది. భాయీజాన్‌తోనూ చెప్పాను. వాడు పరోటా తుంచుతూ, "స్టెప్నీ సంగతి నువ్వు ఎత్తకు, సెట్టు సంగతి నేనెత్తను" అన్నాడు.

వాడరేవులో సెట్లు భలే పనికొచ్చాయి. ఆడవాళ్లు ఒకవైపు, ఐస్‌క్రీమ్ బండి ఇంకోవైపు, అలల హోరులో కేక వినపడదు. ఇసకలో అడ్డమేమీ లేదు కాబట్టి చాలా దూరం అందింది. అమ్మీ చాప మీద కూర్చుని, ఏ పిల్ల మోకాలు దాటి నీళ్లలోకి దిగిందో చెబుతూ అందర్నీ అదిలించింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే అడవి, అదే చెక్‌పోస్టు. సెట్టు డ్యాష్‌బోర్డు మీద పెట్టాను, ఆన్ చేసి. చేతులు చెమట పట్టాయి, దాచుకోను. వేరే గార్డు, కాస్త పెద్దాయన. రసీదు చూపించమంటే తీసి ఇస్తున్నాను. సరిగ్గా అప్పుడే సెట్టు ఖర్‌ఖర్‌మంది.

"అస్సలాము అలైకుమ్ బేటా, మున్నీ చెవులకు కట్టావా?"

పెద్దాయన సెట్టు వంక చూశాడు, నా వంక చూశాడు. నేను బటన్ నొక్కాను. "వాలేకుమ్ సలామ్ అమ్మీ. కట్టాం. చెక్‌పోస్టు దగ్గరున్నాం."

"వెనక బండి మీదేనా?" అన్నాడాయన.

"అవునండీ. అందులో మా అమ్మ."

రసీదు తిరిగిచ్చి, "కలిసే పోండి, ఆపకండి ఎక్కడా" అని గేటెత్తాడు.

ఆ కవరు మాత్రం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.