ఎంపీత్రీలో పోయింది మళ్లీ రాదు

పోస్ట్ కొంచెం పెద్దగున్నది, ఓపికతో చదవండి.

హాస్టల్ రూంలో మేం నలుగురం. డిగ్రీ ఫస్టియర్‌లో మాకు యోతు యిండి అనే రాక్ బ్యాండ్ పిచ్చి పట్టింది. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ంగు ఆదివాసీలు, కొందరు తెల్లవాళ్లు కలిసి పెట్టిన బ్యాండ్ అది. ఎలక్ట్రిక్ గిటార్ పక్కనే యిడకి, అంటే డిడ్జెరిడూ, ఊదుతరు. చాలా పాటలు వాళ్ల భాషలోనే ఉంటయి. ముందు నిలబడి పాడిన ఎం. యునుపింగు పంతులు, తర్వాత యిర్కలా బడికి ప్రిన్సిపాల్ అయిండు. ఆదివాసీలతో ఒప్పందం చేసుకుంటమని 1988లో ప్రధాని బాబ్ హాక్ మాటిచ్చిండు. అది నెరవేరకపోతే 1991లో 'ట్రీటీ' పాటతో నిలదీసిన్రు. అట్లాంటి మాటలు మనం ఎన్ని వినలేదు? అందుకే ఆ పాట మాదైపోయింది.

1989 'హోమ్‌ల్యాండ్ మూవ్‌మెంట్' నుంచి 2000 'గర్మ' దాకా ఆరు ఆల్బమ్‌లు. అన్నీ లాస్‌లెస్‌లో దాయాలనుకున్నం. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు. ఫ్లాక్ ఫార్మాట్ దాన్ని దాదాపు సగానికి మడతపెడ్తది, విప్పితే ఒక్క బిట్టు తగ్గదు. ఎంపీత్రీ అట్ల కాదు, చెవికి పెద్దగా తెల్వదనుకున్న శబ్దాన్ని తీసి పారేస్తది.

మెస్ ఖర్చులు తగ్గించుకొని పాత సీడీలు కొన్నం. ఒకాయన మాత్రం ఒక ఆల్బమ్‌ను ఫ్లాక్ ఫైళ్లని అమ్మిండు. స్పెక్ట్రమ్ తీసి చూస్తే 16 కిలోహెర్ట్‌జ్ పైన అంతా నలుపే. ఎంపీత్రీకి ఫ్లాక్ అంగీ తొడిగిండు. ఫైల్ పెద్దగైంది గానీ పోయిన శబ్దం రాలేదు.

ఆ రాత్రే మా తాత పాట యాదికొచ్చింది. మాలో ఒకని ఊర్లో ఒక తోటి తాత కిక్రీ వాయిస్తూ మన గోండు కథలు పాడేటోడు. మేమే ఫోన్‌ల రికార్డు చేసినం. మెసేజ్ యాప్‌లో ఒకరికొకరం పంపుకొని, మెమరీ నిండిందని అసలు ఫైల్ డిలీట్ చేసినం. తాత పోయిండు. ఇప్పుడు మిగిలింది ఆ నలిగిన ఫైలే. అందులో కిక్రీ తీగ రేకు డబ్బా లెక్క మోగుతది. ఎక్కడో సముద్రం అవతలి బ్యాండ్‌ను బిట్టు పోకుండ దాచినం, ఇంటి పాటను పారేసుకున్నం. తప్పు మాదే.

అందుకే ఈ దండారికి ఊర్లకు పోయేటోళ్లకు ఒక మాట. ఫోన్ రికార్డర్ సెట్టింగ్‌లో వావ్ పెట్టండి. అసలు ఫైల్ ముట్టుకోకండి, ఫ్లాక్ చేసి రెండు చోట్ల దాయండి. ఎవరు పాడిన్రు, ఏ ఊరు, ఏ తారీఖు, ఎవరి కథ అన్నది వెంటనే రాయండి. ముందుగా పెద్దల్ని అడగండి. యోల్ంగులలో పాటలు ఒక్కో వంశానివి, మన దగ్గర కూడా కొన్ని అందరికీ వినిపించేటివి కావు. వద్దంటే పంచొద్దు.

మా హార్డ్ డిస్క్‌లో ఆరు ఆల్బమ్‌లకు ఐదే అసలువి. పక్కన 'తాత' అని ఒక ఫోల్డర్, అందులో ఒక్కటే ఎంపీత్రీ. మీ ఫోల్డర్ అట్ల కావొద్దు.

జై సేవా.