లింగర్: వెళ్తూ వెళ్తూ ఆగిపోయే మాట

‘లింగర్’ అనే ఇంగ్లిష్ మాట మీకూ ఎక్కడో తగిలే ఉంటుంది. క్రాన్‌బెర్రీస్ అనే ఐరిష్ బ్యాండ్ 1993లో తెచ్చిన పాట పేరు అదే. సెంటు వాసన లింగర్ అవుతుందంటారు, తగ్గని దగ్గు లింగర్ అవుతుందంటారు. తెలుగులో ఏమనాలి? ‘జాగు చేయడం’ అంటే బాస్ తిట్లు గుర్తొస్తాయి. ‘తచ్చాడటం’ అంటే దొంగ గుర్తొస్తాడు. వెళ్లాల్సిన టైమ్ అయిపోయింది, చెప్పులు కూడా వేసుకున్నారు, కానీ గుమ్మం దాటబుద్ధి కావట్లేదు. అదీ లింగర్ అంటే.

దీని పుట్టుక వెతికితే చివరికి దొరికేది చాలా మామూలు మాట: లాంగ్. పొడవు. పాత ఇంగ్లిష్‌లో ‘లెంగన్’ అంటే పొడిగించడం. తర్వాత దానికి ‘ఎర్’ చేరింది. ఇది టీచర్, సింగర్‌లో ఉండే ఎర్ కాదు. పని మళ్లీ మళ్లీ జరుగుతోందని చెప్పే ఎర్. ‘పాట్’ అంటే ఒకసారి తట్టడం, ‘పాటర్’ అంటే రేకుల మీద చినుకుల్లా టపటపా తడుతూనే ఉండటం. అలాగే లింగర్ అంటే ఇంకాసేపు, ఇంకొంచెంసేపు అని పొడిగిస్తూనే ఉండటం. 1300 ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ మాటకి నివసించడం అనే అర్థం ఉండేది. వెళ్లలేక ఆగడం అనేది 16వ శతాబ్దంలో వచ్చి చేరింది. (పని ఎగ్గొట్టడానికి జబ్బు నటించడాన్ని ‘మాలింగర్’ అంటారు. పేరు కలిసింది కానీ చుట్టరికం లేదు, అది ఫ్రెంచ్ నుంచి వచ్చింది.)

నన్ను పట్టేసింది మాత్రం ఇంకోటి. ఎవరి మీదైనా బెంగపడటాన్ని కూడా ఇంగ్లిష్‌లో ‘లాంగ్’ అనే అంటారు కదా, అదీ ఈ వేరు నుంచే వచ్చింది. పాత ఇంగ్లిష్ వాళ్లు ‘నేను బెంగపడుతున్నా’ అనేవాళ్లు కాదు. ‘నాకు పొడవవుతోంది’ అన్నట్టుగా చెప్పేవాళ్లు. ఇవాళ్టి ఇంగ్లిష్ వాళ్లకి అది వింతేమో గానీ మనకేం వింత? నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది, నాకు బెంగగా ఉంది. వాటి పక్కన ఇదీ ఒకటి.

పైగా మన దగ్గర అచ్చం అలాంటి మాటే ఉంది: పొద్దు పోవట్లేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మా నాన్న ఫోన్‌లో దాదాపు రోజూ అనేది ఇదే. “నాకేం, బానే ఉన్నా. పొద్దే పోవట్లేదమ్మా.” మనిషి లేకపోతే పగలు పొడవైపోతుంది. ఆయనకి పాత ఇంగ్లిష్ అక్కర్లేదు.

కాకినాడ వెళ్లి తిరిగొచ్చేటప్పుడు చూడాలి ఆయన్ని. హైదరాబాద్ బస్సు తొమ్మిదింటికైతే ఎనిమిదింటికే బయల్దేరదీస్తారు. బస్సు వచ్చాక మాత్రం దిగరు. లగేజీ పైన సర్దుతారు, కిందకి దించి మళ్లీ సర్దుతారు. “చార్జరు పెట్టుకున్నావా? నీళ్లో?” క్లీనర్ “పెద్దాయనా, దిగాలండీ” అంటే దిగి కిటికీ దగ్గరికొస్తారు. ఏసీ బస్సు కిటికీ తెరుచుకోదు. అద్దం అవతల ఆయన పెదాలు కదులుతుంటాయి, నేను తలూపుతుంటాను.

ఇక ఫోన్. మనం ఫోన్ పెట్టేసేటప్పుడు ‘ఉంటా మరి’ అంటాం. వెళ్తున్నానని చెప్పడానికి ఉంటానంటాం, గమనించారా? మా నాన్న ఆ మాటని ఉన్నదున్నట్టే వాడతారు. నిన్న రాత్రి “సరే, ఉంటానమ్మా” అన్నాక మోటారు పాడైన సంగతి చెప్పారు, పక్కింటివాళ్లిచ్చిన మామిడికాయల సంగతి చెప్పారు, పప్పులో ఎన్ని ముక్కలు వేయాలో అడిగారు. “ఉంటా మరి” అన్నారు ఇంకోసారి. నేను “ఊఁ” అన్నాను. “కారం ముందెయ్యాలా, తర్వాతా?” అన్నారు.