రాధకీ గోపాళానికీ చివరిదాకా పడుతుందా?

పోయిన శనివారం రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది.

"ఏమండీ, బుడుగు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్ళిపోయాక రాధా, గోపాళం ఏం మాట్లాడుకుంటారంటారు?"

నవ్వి ఊరుకున్నాను. సోమవారం తెల్లవారుజామున కాకినాడలో బస్సెక్కి, ఏలేశ్వరం దాటి, అడ్డతీగల వైపు కొండలు కనబడే వేళకు గానీ నాకు తట్టలేదు, ఆవిడ అడిగింది బుడుగు సంగతి కాదని.

నేను రాజవొమ్మంగిలో బడిపంతులుని. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాపై దాడి చేసిన ఊరిగా ఈ పేరు చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం ఇది పదహారేళ్ళుగా అద్దె గది, జీడిమామిడి తోటలు, శనివారం మధ్యాహ్నపు బస్సు. మా ఆవిడ కాకినాడలో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. వచ్చే వేసవికి నా ఉద్యోగం ముగుస్తుంది, ఆవిడకింకా మూడేళ్ళుంది. వారానికి ఒకటిన్నర రోజు చొప్పున కాపురం చేసిన ఇద్దరం ఇకమీద ఏడు రోజులూ ఒకే కప్పు కింద ఉండాలి. మా అబ్బాయి హైదరాబాదులో స్థిరపడి ఆరేళ్ళయింది.

మా ఇద్దరికీ సమానంగా నచ్చిన పుస్తకం ఒక్కటే, 'బుడుగు'. ఆవిడకు నవలలు పడవు, నాకు పాటలు పట్టవు. కానీ ముళ్ళపూడి వెంకటరమణ రాతా, బాపు గీతా కలిసిన ఆ పుస్తకం మా ఇంట్లో అట్ట ఊడి, దారంతో కుట్టించుకుని, ఇంకా తిరుగుతూనే ఉంది. 1956-57ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చినప్పుడు మేమిద్దరమూ పుట్టనే లేదు. అయినా రాధా గోపాళాలు మాకు పక్కవాటాలో కాపురమున్నవాళ్ళంత పరిచయం.

ఇంతకీ వాళ్ళిద్దరికీ చివరిదాకా పొసగుతుందా?

మా ఆవిడ వాదన పొసగదనే. ఆ ఇంట్లో బామ్మ ఉంది. రెండుజెళ్ళ సీత కోసం తిరిగే బాబాయి ఉన్నాడు. పక్కింటి లావుపాటి పిన్నిగారూ, ఆవిడ మొగుడూ, సీగాన పెసూనాంబా వస్తూ పోతూ ఉంటారు. ఇంతమంది మధ్య మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చోవలసిన అవసరమే రాలేదు. "ఆ సందడి తీసెయ్యండి, ఏం మిగులుతుందో చెప్పండి" అంటుంది. ఆ ఇద్దరే ఎదురెదురుగా ఉన్నప్పుడు ఏమనుకున్నారో మనకు తెలిసే వీలు కూడా లేదు. కథ చెప్పేవాడు పిల్లవాడు. వాడి చెవిన పడినంత మేరకే వాళ్ళ మాటలు మనకు దక్కాయి. వాడు నిద్రపోతే పుస్తకం కూడా నిద్రపోతుంది.

ఈ వాదనకు బస్సులో జవాబు వెతుక్కుంటూ వచ్చాను. బడికి చేరాక దొరికింది.

ఇన్నేళ్ళ పంతులుగిరీలో నేను నేర్చుకున్నదొకటి ఉంది. ఇంట్లో అమ్మా నాన్నా నిజంగా ఎడమొహం పెడమొహంగా ఉంటే ఆ పిల్లవాడు అల్లరి చెయ్యడు. వెనక బల్లలో కూర్చుని, గొంతు ఎవరిది పెరుగుతోందా అని చెవి ఒగ్గి వింటున్నట్టుంటాడు. అడిగిన దానికి మాత్రం బుద్ధిగా జవాబు చెబుతాడు. అటువంటి బుద్ధిమంతులను చూస్తే నాకు భయం. మరి బుడుగో? ప్రైవేటు మాష్టార్లను హడలగొట్టాడు, పెద్దలందరి మీదా తీర్పులు చెప్పాడు, ప్రపంచం తన సొంత జాగీరన్నట్టు మాట్లాడాడు. అమ్మా నాన్నా కోప్పడతారన్న బెంగ ఉందేమో గానీ, వాళ్ళిద్దరూ విడిపోతారన్న దిగులు వాడి మాటల్లో ఎక్కడా లేదు. రాధా గోపాళాల దాంపత్యానికి ఆ అల్లరిని మించిన సాక్ష్యం నాకు కనబడదు.

ఇంతవరకూ రాసుకుని గెలిచాననుకున్నాను. కానీ ఆ పేర్లు అక్కడితో ఆగిపోలేదు కదా. 2005లో బాపు-రమణలు 'రాధాగోపాళం' సినిమా తీశారు. అందులో స్నేహ, శ్రీకాంత్ ఇద్దరూ న్యాయవాదులు. ఒకే కేసులో ఎదురెదురు పక్షాల్లో నిలబడతారు. ఇక్కడ మధ్యన నిలబడేందుకు పిల్లవాడు లేడు. ఆమె తనతో సమంగా, ఒక్కోచోట తనకన్నా మిన్నగా వాదించేసరికి గోపాళానికి ఆమె మీద ప్రేమ తగ్గదు గానీ, తనమీద తనకున్న లెక్క తప్పుతుంది. సినిమా గనుక చివరికి సర్దుకుంటుంది. ఆ సినిమా చూసిన రోజు నేను ఇంటికొచ్చి ఎక్కువ మాట్లాడలేదు. దాని అర్థం నాకు మరి కొన్నేళ్ళకు గానీ బోధపడలేదు.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. కొండ ఊళ్ళో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నానని చుట్టాలూ స్నేహితులూ నన్ను మెచ్చుకుంటారు. ఒకరిద్దరు త్యాగమన్న మాట కూడా వాడారు. నేను కాదనలేదు. నిజానికి, వచ్చిన మూడో ఏడే మైదానానికి బదిలీ అడిగే వీలు నాకు దొరికింది. సరిగ్గా ఆ నెలలోనే ఆవిడకు పదోన్నతి వచ్చింది. జీతంలోనూ హోదాలోనూ నన్ను దాటిపోయింది. నేను దరఖాస్తు పెట్టలేదు. "ఇక్కడి పిల్లలు నన్ను వదలరు" అని చెప్పాను. పిల్లల మీద ఇష్టం అబద్ధం కాదు. కానీ ఆ సాయంత్రం నన్ను ఆపింది పిల్లలు కాదు, గోపాళం. అబ్బాయి అప్పుడు ఇంటరు చదువుతున్నాడు. మా మాటలన్నీ వాడి నోటిమీదుగానే నడిచేవి. "నాన్నా, అమ్మ ఈ వారం వస్తారా అని అడగమంది." "వస్తానని చెప్పు." ఆ ఏడాదంతా వాడు చాలా బుద్ధిగా ఉన్నాడు.

ఈ మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

1955 నాటి 'మిస్సమ్మ'లో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం ఆలుమగలుగా నటించారు. 1991 నాటి 'పెళ్ళి పుస్తకం'లో ఆలుమగలు ఉద్యోగం కోసం ఏమీ కానట్టు నటించారు. మేము నటించింది మరో రకం. దూరం ఉద్యోగం వల్ల వచ్చిందని ఇద్దరమూ నటించాం. ఆవిడకు మొదటినుంచీ తెలుసుననే ఇప్పుడు నా అనుమానం.

కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు మార్చుకుంటున్నాను. రాధా గోపాళాలు ఈడూ జోడూ అయినవాళ్ళే. అందులో సందేహం లేదు. కానీ బుడుగు ఉన్నంతకాలం ఆ జోడీకి పరీక్ష లేదు. వాడు వెళ్ళిపోయాక, రాధ తనను దాటి ఒక మెట్టు పైకి వెళ్ళిన రోజున, గోపాళం ఇంట్లో ఉంటాడా, ఊరు దాటి పోతాడా అన్నదే పరీక్ష. పొసగడమన్నది పెళ్ళినాడు కుదిరి ఊరుకునేది కాదేమో. ఎవరో ఒకరు ముందుగా నిజం చెప్పిన ప్రతిసారీ కొత్తగా కుదురుతుందేమో.

నిన్న రాత్రి సిగ్నలు అందే చోటికి నడిచి వెళ్ళి ఆవిడకు ఫోను చేశాను. బదిలీ సంగతి చెప్పాను. పదమూడేళ్ళ నాటి మాట. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఆ దరఖాస్తు కాగితం మీ పాత పెట్టెలోనే ఉందండీ. నింపి, సంతకం పెట్టకుండా వదిలేశారు. నేను అప్పుడే చూశాను" అంది.

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారేమోనని."

ఆ తరవాత కూరల గురించీ, కుళాయి మరమ్మత్తు గురించీ మాట్లాడుకున్నాం. శనివారం బస్సు ఆలస్యమైతే అన్నం పెట్టుకుని తినెయ్యమన్నాను. తిననంది.

మీ ఇళ్ళల్లో రాధా గోపాళాలు ఎలా ఉన్నారో తీరిక చేసుకుని చెప్పండి.